బావ నాలుక, పిన్ని చెమ్మగది

మా బావకి కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అనేవాళ్ళు. నన్నడిగితే ఆయనకి గర్వమూ భయమూ బతుకుతెరువూ అన్నీ నాలుక మీదే ఉండేవి. మా అక్కని చేసుకోకముందు మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు కాఫీ ఒక్క గుక్క తాగి, ఇది రెండోసారి వెచ్చబెట్టిన కాఫీ కదా అన్నాడు. మా అమ్మ మొహం కందగడ్డ అయిపోయింది. నేనప్పుడు గౌన్లు వేసుకునే వయసులో ఉన్నాను. నీ నాలుకకి కళ్ళున్నాయా అని అడిగాను. ఆయన నవ్వి నాలుక మొత్తం బయటపెట్టి చూపించాడు. ఎర్రగా, శుభ్రంగా, పసిపిల్లల నాలుకలా ఉంది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆయన నాలుక నేను అంత దగ్గరగా చూసింది ఆసుపత్రిలోనే.

ఆయన పనిచేసింది సిగార్ల దుకాణంలో. కోర్టు వెనక వీధిలో, కళ్ళజోళ్ళ కొట్టుకీ తాళాలు బాగుచేసే వాడికీ మధ్య ఉండేది. ముందు గదిలో అమ్మకం. వెనక పొడుగాటి గదిలో చేతులు పగిలిన తోలు కుర్చీలు, ఎత్తితే మణికట్టు నొప్పెట్టే గాజు బూడిద పళ్ళేలు, ఒక పక్కన చిన్న బార్. వచ్చినవాళ్ళు అక్కడే కూర్చుని కాల్చుకుంటూ తాగుతారు. ఏ సిగార్‌కి ఏ పానీయం జోడీగా కుదురుతుందో చెప్పడం మా బావ ఉద్యోగం. దానికి జీతం ఇస్తారంటే మా వీధిలో ఎవరూ నమ్మేవారు కాదు. నేనూ నమ్మలేదు. పెద్దయ్యాక ఆయనే నన్ను అక్కడ బార్ దగ్గర పెట్టించాడు కాబట్టి కళ్ళారా చూశాను.

ఆయన పద్ధతి చూడముచ్చటగా ఉండేది. ముందు సిగార్ కొన కత్తిరించి, వెలిగించకుండానే ఒకసారి పీల్చి చూసేవాడు. తర్వాత అగ్గిపుల్ల వాడకుండా సన్నటి దేవదారు చీలికతో నిదానంగా, అంచంతా సమానంగా ఎర్రబడేలా వెలిగించేవాడు. పొగ నోట్లోకి తీసుకుని ఎడమ బుగ్గలో పట్టి ఉంచి, కళ్ళు మూసుకునేవాడు. ఎప్పుడూ ఎడమ బుగ్గే. ఆ పొగ వదిలాక నేను పోసిన పానీయం ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని తీర్పు చెప్పేవాడు. తేలికపాటి సిగార్‌కి పాలు కలిపిన కాఫీ. మిరియపు ఘాటు ఉన్నదానికి ఏళ్ళ తరబడి పీపాలో మగ్గిన రమ్, ఆ తీపి ఘాటుని లాలిస్తుందట. బాగా బరువైన ముదురాకు సిగార్‌కి చేదు చాక్లెట్ ముక్క. ఎవరైనా తేలిక సిగార్ పట్టుకుని పొగవాసన కొట్టే విస్కీ అడిగితే, పెళ్ళిలో బ్యాండు మేళం పక్కన పాట పాడించినట్టుంటుంది సార్ అని గ్లాసు వెనక్కి పంపేవాడు. ఆయన మాట అక్కడ వేదవాక్కు. ఖాతాదారులు ఆయన్ని మాస్టారు అనేవాళ్ళు.

మాస్టారు అన్నందుకు పాఠాలు కూడా చెప్పేవాడు. సిగార్ కాలడానికి చాలా సేపు పడుతుంది, అంతసేపూ కబుర్లు కావాలి కదా. క్యూబా గురించి చెప్పేవాడు. ఎన్నడూ ఆ దేశం మొహం చూసినవాడు కాదు, కానీ చెబుతుంటే నిన్ననే ఓడ దిగి వచ్చాడనిపించేది. కొలంబస్ మనుషులు ఆ దీవిలో దిగినప్పుడు అక్కడివాళ్ళు ఆకుల్ని చుట్టి ఒక కొన వెలిగించి రెండో కొన పీలుస్తుంటే నోరెళ్ళబెట్టి చూశారట. తర్వాత స్పెయిన్ రాజులు ఆ పొగాకు మీద గుత్తాధికారం పెట్టుకుని, పండించిన రైతు ఇంకెవరికీ అమ్మకుండా చేశారట. ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైనది చదివేవాళ్ళ కథ. అక్కడి సిగార్ల కార్ఖానాల్లో చుట్టేవాళ్ళ మధ్య ఎత్తు కుర్చీ వేసుకుని ఒకడు పొద్దున పేపరూ మధ్యాహ్నం నవలా గట్టిగా చదివేవాడట. వాడి జీతం చుట్టేవాళ్ళే తలా కొంచెం వేసుకుని ఇచ్చేవాళ్ళట. చదివింది నచ్చితే ఆకు కోసే కత్తులతో బల్లల మీద టకటకా కొట్టేవాళ్ళు, అదే వాళ్ళ చప్పట్లు. ఈ కథ అయ్యేసరికి మా ఖాతాదారులు గ్లాసులతో బల్ల మీద కొట్టేవాళ్ళు. బావ తల వంచి కొత్త పెళ్ళికొడుకులా సిగ్గుపడేవాడు. నేను కౌంటర్ వెనక నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని.

అక్కకి మాత్రం ఆ పొగంటే మొదటినుంచీ గుండెల్లో రాయి. ఏటా పోరుపెట్టి ఛాతీ ఎక్స్‌రే తీయించేది. ఏటా అది శుభ్రంగా వచ్చేది. బావ ఆ ఫిల్ము కిటికీకి ఎత్తిపట్టి మా ఇద్దరికీ చూపించి, సిగార్ పొగ మేం లోపలికి మింగం, నోట్లో పట్టి వదిలేస్తాం, సిగరెట్లు తాగేవాళ్ళతో మమ్మల్ని పోల్చకండి అని తీసిపారేసేవాడు. ఆ వృత్తిలో ఉన్నవాళ్ళంతా ఇదే మాట అంటారు. ఊపిరితిత్తులు బాగుంటే చాలు, గండం గడిచినట్టే అనుకుంటారు. పొగ పట్టి ఉంచిన నోటిని చూపించుకోవాలని ఆయనకి తోచలేదు, మాకూ తోచలేదు.

ఇక పిన్ని గురించి చెప్పాలి. నిజానికి ఆవిడ నాకు ఏమీ కాదు. దుకాణంలో అందరూ అలా పిలిచేవాళ్ళం. పొడుగు గది చివర గాజు తలుపు వెనక చెమ్మగది ఉండేది. గోడలనిండా దేవదారు అరలు, అరలనిండా సిగార్లు. ఆ గదిలో గాలి ఎప్పుడూ ఒకే తడితో ఉండాలి. ఎండితే ఆకు పగిలి చేదెక్కుతుంది, తడెక్కువైతే బూజు పడుతుంది. పిన్ని తడి స్పాంజిలు మారుస్తూ, పెట్టెలు పైనుంచి కిందికి జరుపుతూ, పొద్దస్తమానం ఆ గదిలోనే ఉండేది. గోడకి తేమ చూపించే యంత్రం ఉంది గానీ ఆవిడ దాన్ని లక్ష్యపెట్టేది కాదు. సిగార్‌ని చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్ళతో మెత్తగా నొక్కి, ఎండిన ఆకు చప్పుడు వస్తుందేమో వినేది. భర్త పోయిన మనిషి. ఇంటి దగ్గర ఒక ముసలి అత్తగారు తప్ప ఎవరూ లేరు. బావా ఆవిడా ఏళ్ళ తరబడి ఒక చేతి వేళ్ళలా పనిచేశారు. ఆవిడ తీసిచ్చిన సిగార్‌నే ఆయన వెలిగించేవాడు, ఇంకెవరు ఇచ్చినా ముట్టేవాడు కాదు.

తేడా ముందు ఇంట్లో వచ్చింది. అక్క కూరలో ఉప్పు లేదన్నాడు. మర్నాడూ అన్నాడు. అక్క కొంచెం ఎక్కువ వేసింది, అప్పుడూ లేదన్నాడు. నేను ఒక ఆదివారం వాళ్ళింట్లో తిన్నాను, ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాను. సముద్రం కలిపావా అక్కా అన్నాను. అక్క మొహం మాడ్చుకుంది. బావ ఒంటికాలి మీద లేచి, మీ ఇద్దరికీ రుచంటే ఏమిటో తెలిసి చస్తే కదా అన్నాడు. మొగుడూ పెళ్ళాల మధ్య ఉప్పు గొడవ ఎవరింట్లో లేదు గనక అని నేను చేతులు దులుపుకుని వచ్చేశాను.

తర్వాత దుకాణంలో మొదలైంది. సిగార్లన్నీ చప్పబడిపోయాయన్నాడు. గడ్డి కాల్చినట్టుంది, గది పాడైంది అన్నాడు. పిన్ని అరలన్నీ దించి తుడిచింది, స్పాంజిలు కొత్తవి పెట్టింది. యజమాని రెండు పాత పెట్టెలు పారేయించాడు. అయినా బావ పెదవి విరుస్తూనే ఉన్నాడు. ఖాతాదారులు మాత్రం ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని ఆస్వాదిస్తున్నారు. మాస్టారు బాగాలేదన్నాడు కాబట్టి కొందరు తమకీ బాగాలేదన్నట్టు తలాడించారు. ఈయన తీర్పు వినకుండా తమ నోరు తాము నమ్మడం వాళ్ళు ఎప్పుడో మానేశారు.

ఒక మధ్యాహ్నం దుకాణం ఖాళీగా ఉంది. నేను గ్లాసులు తుడుస్తున్నాను. గాజు తలుపు వెనక బావా పిన్నీ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. ఆ తలుపు చుట్టూ రబ్బరు పట్టీ ఉంటుంది, తెరిస్తే తప్ప లోపలి మాట బయటికి రాదు. పిన్ని ఏదో చెబుతోంది. చెయ్యెత్తి తన బుగ్గ మీద పెట్టుకుంది. బావ మొహం పాలిపోయి, వెంటనే ఎర్రబడింది. తలుపు విసురుగా తోసుకుని బయటికి వచ్చాడు. ఏమైంది బావా అంటే, తన పని చేసుకోవడం చేతకాదు, పైగా నాకే చెబుతుందట అన్నాడు. గది గురించి మాటా మాటా అనుకున్నారనుకున్నాను.

ఆ వారంలోనే మళ్ళీ ఒకసారి అలాగే జరిగింది. ఆ సాయంత్రం బావ యజమాని గదిలోకి వెళ్ళి, ఆవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి అన్నాడట. యజమానికి ఆలోచించే పనేముంది? మాస్టారి నాలుక లేకపోతే దుకాణమే లేదు. పిన్ని తన చెప్పులు, అన్నం గిన్నె, గదిలో చలికి వేసుకునే నీలం స్వెట్టరు ఒక సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నాకేసి చూసి, వస్తానమ్మా అంది. నేను బావ మరదల్ని కాబట్టి బావ పక్షమే అనుకుని ఉంటుంది. నేనూ తలూపాను.

పిన్ని వెళ్ళాక కూడా సిగార్లు బాగుపడలేదు. బావ ఇప్పుడు పొగ కుడి బుగ్గలో పట్టడం చూశాను. అన్నం కూడా కుడివైపే నమిలేవాడు. పన్ను నొప్పి అనేవాడు. చలికాలం పోయి ఎండలు ముదిరాయి. ఒక పొద్దున దిండు మీద రక్తం కనపడేసరికి అక్క ఇక వినలేదు, చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. నేనూ వెంట వెళ్ళాను. డాక్టరు నోరు తెరవమన్నాడు. లైటు వేసి నాలుక పక్కకి లాగి పట్టుకున్నాడు. నాలుక ఎడమ అంచు కింద తెల్లటి గట్టుతో ఒక గుంట, దాని మధ్య పచ్చిగా, ఎర్రగా ఉంది. మా అమ్మ ఇంట్లో ఆయన బయటపెట్టి చూపించిన నాలుక గుర్తొచ్చింది.

పరీక్షలయ్యాక డాక్టరు నిదానంగానే చెప్పాడు. నాలుకలో సగం పైన తీసేయాలి. మెడ దగ్గర గడ్డలు కూడా. తర్వాత కరెంటు పెట్టాలి, అదే రేడియేషన్. మాట ఎంత మిగులుతుందో చెప్పలేను, రుచి మీద ఆశ పెట్టుకోవద్దు అన్నాడు. అక్క ఏడుస్తూ, ఎందుకిలా అయింది అని అడిగింది. ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"చలికాలంలో తీసుకొచ్చి ఉంటే చిన్న ముక్క కోసి ఇంటికి పంపేవాణ్ణమ్మా. అప్పుడు ఎవరికీ కనపడలేదా?"

అక్క లేదంది. నేనూ లేదన్నాను. బావ నేలకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి వచ్చేటప్పుడు నేను ఊరుకోలేకపోయాను. అయితే పిన్ని గది బాగానే ఉందన్నమాట, చెడింది నీ నోరు, యజమానికి ఒక్క మాట చెప్పు బావా, ఆవిడ పని ఆవిడకి వస్తుంది అన్నాను. చెబుతాలే అన్నాడు. మర్నాడు అడిగితే ఆపరేషన్ అయ్యాక చెబుతానన్నాడు. నాకు అర్థమైంది. ఆ మాట చెబితే ఇన్నాళ్ళూ రుచి తెలియకుండానే తీర్పులిచ్చానని ఒప్పుకోవాలి. ఆపరేషన్ ముందు సాయంత్రం వరకూ ఆయన నీళ్ళు నములుతూనే ఉన్నాడు. నేను వెళ్ళి చెబితే యజమాని, మాస్టారు అనలేదు కదా అన్నాడు. ఆ దుకాణంలో రుచికి సాక్ష్యం ఒక్క నోరే.

ఆపరేషన్ ఆరు గంటలో ఏడు గంటలో, నాకు గుర్తులేదు. బయట బల్ల మీద అక్క నా చెయ్యి వదల్లేదు. చేతి మీంచి కండ తీసి నాలుక స్థానంలో కుట్టారు. మెలకువ వచ్చాక ఆయన ఏదో అనబోయాడు. వచ్చింది మాట కాదు, గొంతులో నీళ్ళు పుక్కిలించినట్టు ఒక చప్పుడు. ఆయన కళ్ళల్లో భయం చూశాను. అలాంటి భయం నేను ఇంకెవరి కళ్ళల్లోనూ చూడలేదు.

కరెంటు పెట్టడం పూర్తయ్యేసరికి మనిషి సగమయ్యాడు. పిల్లలు రాసి చెరుపుకునే పలక ఒకటి మెడలో వేలాడేది. కొంచెం ఓపిక రాగానే దుకాణానికి తీసుకెళ్ళమన్నాడు. యజమాని లేచి నిలబడి కౌగిలించుకున్నాడు. ఖాతాదారులు గ్లాసులతో బల్ల మీద టకటకా కొట్టారు. బావ చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు, ఉమ్మి ఆగదు మరి. తర్వాత పలక మీద రాశాడు. గది బాగానే ఉండేది, పిన్నిని పిలిపించండి అని. యజమాని చదివి జాలిగా భుజం తట్టాడు. గదిలో ఇప్పుడు కొత్త యంత్రం పెట్టించాను మాస్టారూ, అదే తడి చూసుకుంటుంది, మనిషి అక్కర్లేదు, మీరు ఇవన్నీ మనసులో పెట్టుకోకండి అన్నాడు. మా బావ స్థానంలో కూడా ఎవరో కుర్రవాడు వచ్చాడు. గ్లాసు ఊపుతూ ఏదో చెబుతున్నాడు, వాళ్ళు వింటున్నారు.

బయటికి వచ్చాక బావ పలక తుడిచి మళ్ళీ రాశాడు. పిన్ని దగ్గరికి పోదాం. నోటితోనే చెబుతాను.

పిన్ని బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే ఒక పెద్ద చోట పనిచేస్తోందని కనుక్కున్నాను. బస్సు మారి వెళ్ళాం. లోపల ఆవిరి, వేడి, తడి దుప్పట్ల గుట్టలు. చెమ్మగదిలో స్వెట్టరు వేసుకునే మనిషి ఇక్కడ చెమటతో తడిసి ముద్దయి ఉంది. ముంజేతుల మీద కాలిన మచ్చలు. మమ్మల్ని చూసి ఇస్త్రీ పక్కన పెట్టి, స్టూలు తెచ్చి ఆయన్ని కూర్చోమంది. ఆయన కూర్చోలేదు. పలక నా చేతికి ఇచ్చేశాడు. నోరు తెరిచి చెప్పడం మొదలుపెట్టాడు. గుటక వేస్తూ, ఆగుతూ, గడ్డం మీంచి కారుతుంటే తుడుచుకుంటూ చెప్పాడు. పిన్ని ఒక్క ముక్క అర్థంకాక నాకేసి చూసింది. ఆయన చప్పుళ్ళు అప్పటికి నాకు అలవాటే.

"నీ గది బాగానే ఉంది, నా నాలుకే చెడింది, నాకు తెలియక నిన్ను తప్పుపట్టాను, క్షమించమంటున్నాడు పిన్నీ," అన్నాను.

పిన్ని మొహంలో కోపం లేదు. చాలా అలసిపోయి ఉంది.

"తెలియక అన్నారా మాస్టారూ?" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఆ రోజు నేను చెప్పింది గది గురించి కాదమ్మా. మాస్టారూ, మీ నోట్లోంచి పుండు వాసన వస్తోంది, మా ఆయనకీ మొదట్లో ఇదే వాసన, పోయి చూపించుకోండి అన్నాను. కోప్పడ్డారు. మనసొప్పక రెండోసారి కూడా చెప్పాను. ఆ సాయంత్రమే నన్ను పంపించేశారు."

నేను బావ మొహంలోకి చూశాను. కాదంటాడేమో, తల అడ్డంగా ఊపుతాడేమో అని చూశాను. ఆయన తల దించుకున్నాడు. పిన్ని తన బుగ్గ మీద చెయ్యి పెట్టుకోవడం, ఆయన పాలిపోవడం, డాక్టరు గదిలో నేలకేసి చూడడం, అన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆ మెడ మీద కుట్లు లేకపోతే అక్కడే చెంప పగలగొట్టేదాన్నేమో. అంతలోనే ఏడుపొచ్చింది. పిన్ని ఒక మడతపెట్టిన తువ్వాలు తీసి ఆయన గడ్డం తుడిచి, జాగ్రత్తగా తీసుకెళ్ళమ్మా అని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఎవరో దుప్పట్లు ఆలస్యమయ్యాయని అరుస్తున్నారు.

బస్సులో పలక ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. ఇల్లు చేరగానే అక్క, ఆవిడ ఏమంది అని అడిగింది. బాగానే మాట్లాడిందన్నాను. అంతకన్నా చెప్పడానికి నాకు నోరు రాలేదు. చలికాలంలో ఎవరికీ కనపడలేదా అన్న మాట అక్క ఇప్పటికీ నిద్రలో తలుచుకుంటోంది.

అక్క ఆయనకి మెత్తగా చిదిమిన కూరా అన్నం గిన్నెలో పెట్టి ఇచ్చింది. ఆయన చెంచాతో ఒక్కొక్కటే కుడివైపుకి తోసుకుంటూ మింగాడు. కాసేపు కళ్ళు మూసుకున్నాడు, వెనకటికి దుకాణంలో మూసుకున్నట్టే. తర్వాత అక్క వైపు చూసి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి, ఉప్పు సరిగ్గా సరిపోయిందని సైగ చేశాడు. రోజూ అలాగే చేస్తాడట. అక్క తలూపి గిన్నె తీసుకుంది.

వంటింట్లో గిన్నె కడగబోతూ అడుగున మిగిలింది వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాను. కరెంటు పెట్టిన నోటికి ఉప్పు తగిలితే మంట అని డాక్టరు అక్కతో చెప్పాడట. ఆయన కూరలో అక్క ఉప్పు వేయడం మానేసి చాలా నెలలైంది.